చీకట్లో గురి: బందరు కోట నుంచి నిమ్మలూరు దాకా

(కృష్ణా డెల్టా చరిత్ర ధారావాహిక – 17)

బందరు కోట ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది రాత్రిపూట. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి దాడి మొదలైంది, తెల్లారేసరికి కోట మీద జెండా మారింది. మరో ఐదు వారాలకు, మే 14న, సలాబత్ జంగ్ సంధి రాసిచ్చి బందరునూ దాని చుట్టుపక్కల జిల్లాలనూ వదులుకున్నాడు. ఆ రాజకీయమంతా కిందటి భాగంలో చెప్పుకున్నాం. ఈసారి అదే రాత్రిని తుపాకీ పట్టుకున్న మనిషి పక్కన నిలబడి చూద్దాం. ఆ చీకట్లో అతనికి ఎంత దూరం కనిపించింది? కనిపించినదాన్ని కొట్టగలిగాడా? ఈ రెండు ప్రశ్నలూ నాకు ముఖ్యం, ఎందుకంటే వాటికి జవాబు తయారుచేసే పనిలోనే ఇదే బందరు నలభై ఏళ్లకు పైగా ఉంది. మన సైనికుల రైఫిళ్ల మీద బిగించే రాత్రి దుర్భిణులు ఈ ఊళ్లో తయారవుతాయి.

ముందు కోట సంగతి. ఊరికి దూరంగా, సముద్రపు పాయ ఒడ్డున, చుట్టూ ఉప్పు బురద నేలల మధ్య ఉండేది. పట్నం నుంచి కోటకు రావాలంటే బురద మీద కట్టిన గట్టు దారి ఒక్కటే. లోపల కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి దళపతి, ఐదు వందల మంది దాకా యూరపు సైనికులు, రెండు వేల మంది సిపాయిలు. బయట కర్నల్ ఫోర్డ్ దగ్గర మూడు వందల యాభైకి లోపు తెల్ల సైనికులు, పద్నాలుగు వందల మంది సిపాయిలు, తోడుగా విజయనగరం ఆనందరాజు బలగం. ముట్టడించేవాళ్లకంటే ముట్టడిలో ఉన్నవాళ్లే బలంగా ఉన్న విచిత్రమైన ముట్టడి అది. పైగా నిజాం సేన బెజవాడ దాకా వచ్చేసింది. ఏప్రిల్ 7 నాటికి ఫోర్డ్ దగ్గర మిగిలిన తుపాకి మందు రెండు రోజులకు సరిపడా మాత్రమే. ఆగితే చావు, వెనక్కి తగ్గినా చావు. అందుకే ఆటు తగ్గే వేళ చూసుకుని రాత్రి దాడికి తెగించాడు.

నైరుతి వైపు బురదలోంచి కెప్టెన్ నాక్స్ సిపాయిలను నడిపించి అటే దాడి జరుగుతున్నట్టు హడావిడి చేశాడు. ఆనందరాజు మనుషులు గట్టు దారి వైపు కాల్పులు జరిపారు. అసలు దెబ్బ ఈశాన్య బురుజు మీద. మోకాలి లోతు బురదలో నడిచి, కంచె నరికి, బద్దలైన గోడ ఎక్కారు. కోటలో ఉన్న రెండున్నర వేల తుపాకులకూ చీకట్లో ఎటు పేల్చాలో తెలియలేదు. చప్పుడు ఎక్కడ ఎక్కువుంటే అటు పేల్చారు.

కెప్టెన్ యార్క్ తన జట్టుతో గోడ వెంట ముందుకు పోతుంటే ఒక మందుగుండు గది కనిపించింది. ఎవడో ఒకడు 'మందుపాతర!' అని అరిచాడు. అంతే, జట్టంతా వెనక్కి పరుగు. యార్క్ దగ్గర మిగిలింది డప్పులు వాయించే ఇద్దరు నల్ల కుర్రాళ్లు. జట్టును వెనక్కి పిలవడానికి వాళ్లు అక్కడే నిలబడి డప్పు కొడుతూనే ఉన్నారు. యార్క్ వెనక్కి వెళ్లి తిట్టి బెదిరించి ముప్పై మందికి పైగా మనుషులను మళ్లీ తీసుకొచ్చాడు. ఈ లోపు ఫ్రెంచివాళ్లు ఆ దారికి ఎదురుగా ఒక ఫిరంగిని తిప్పి పెట్టుకున్నారు. కొద్ది గజాల దూరంలో అది పేలింది. యార్క్ రెండు తొడల్లోంచీ గుళ్లు దూసుకుపోయాయి. డప్పు కుర్రాళ్లు ఇద్దరూ అక్కడే చనిపోయారు. ఆ కాలపు చరిత్రకారుడు ఓర్మ్ వాళ్లను తలుచుకున్నాడు గానీ పేర్లు రాయలేదు. ఇంగ్లీషు సేనతో వచ్చిన సిపాయిల్లో ఆ రాత్రి యాభై మంది చనిపోయారు, నూట యాభై మంది గాయపడ్డారు. వాళ్ల పేర్లూ లేవు.

ఇంత జరిగిన ఆ రాత్రిలో 'గురి చూసి కొట్టిన' గుండు దాదాపు ఒక్కటీ ఉండదని నా నమ్మకం. అది సిపాయిల చేతకానితనం కాదు, వాళ్ల చేతిలోని తుపాకీ గుణం. చెకుముకి తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుండు గొట్టం కంటే కాస్త చిన్నది, లోపల అటూ ఇటూ తగులుతూ బయటికి వస్తుంది, చివర ఎటు తగిలితే అటు వంకరపోతుంది. ఎనభై, వంద గజాలు దాటితే దాన్ని నమ్మలేం. ఇంగ్లీషు సైనికుల తుపాకీకి వెనక గురికన్నే ఉండేది కాదు. అంత అవసరం లేదని వాళ్ల లెక్క. వరసగా నిలబడి, ఒక్క మాట మీద అందరూ కలిసి పేల్చడమే యుద్ధం. మందు పొట్లాన్ని పంటితో చించి, గొట్టంలో పోసి, గుండు దిగ్గొట్టి, మళ్లీ ఎత్తి పేల్చడం నిమిషానికి రెండు మూడు సార్లు చేయగలిగినవాడే మంచి సిపాయి. వాడి నేర్పంతా వేగంలోనూ, గుండె నిబ్బరంలోనూ ఉండేది. కంటికి పని తక్కువ.

గొట్టంలో మెలితిరిగిన గాడులు పడ్డాక ఈ లెక్క మారిపోయింది. గాడుల్లో పడి గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది, తిన్నగా పోతుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మన దేశానికి వచ్చేసరికి వెనక గురికన్ను మీద గజాల గీతలు వచ్చాయి. గుండు తిన్నగా వెళ్తుందన్నమాటే గానీ నేల దాన్ని లాగుతూనే ఉంటుంది. దూరం పెరిగినకొద్దీ తుపాకీ మూతి పైకెత్తాలి. ఎంత ఎత్తాలో ఆ గీతలు చెబుతాయి. దూరాన్ని కంటితో అంచనా కట్టే విద్య సైనికుడికి అప్పటి నుంచి ప్రాణమైపోయింది.

ఈ మార్పును బందరు పెద్దగా చూడలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరిని ఊడ్చేసి ముప్పై వేల మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఇక్కడి సైనిక స్థావరం ఎత్తేశారు. కోట గోడలు ఉప్పుగాలికి ఒరిగిపోయాయి. తుపాకీ చప్పుడు లేని పట్నంగా బందరు మళ్లీ కలంకారీకీ చదువులకూ జాతీయోద్యమానికీ పేరు తెచ్చుకుంది.

రైఫిల్ విద్య మన ఊళ్లలో మామూలు ఇళ్ల పిల్లలకు అందింది స్వాతంత్ర్యం తర్వాత, ఎన్‌సీసీ ద్వారా. కాలేజీ మైదానంలో డ్రిల్లు, ఏడాదికోసారి క్యాంపు, పాయింట్ టూ టూ రైఫిల్‌తో పాతిక మీటర్ల దూరంలో ఫైరింగు. అక్కడ హవల్దారు హిందీలో మూడు సూత్రాలు వల్లె వేయిస్తాడు: మజ్‌బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, దురుస్త్ ట్రిగ్గర్ ఆపరేషన్. పట్టు గట్టిగా ఉండాలి, గురి సరిగ్గా ఉండాలి, ట్రిగ్గర్ సరిగ్గా నొక్కాలి. ఎన్‌సీసీ చేసిన ఏ గుడివాడ కుర్రాణ్ణి అడిగినా ఈ మూడూ నిద్రలో కూడా చెబుతాడు.

ఆ మూడు మాటల్లో చాలా లోతుంది. బోర్లా పడుకుని, బట్‌ను భుజం గుంటలో ఆనించి, చెంప కట్టెకు తాకించాలి. వెనక గురికన్ను, ముందు మొన, అవతల టార్గెట్, ఈ మూడూ ఒకే గీత మీదికి రావాలి. మన కన్ను మూడు దూరాలను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. కొత్తవాడు టార్గెట్‌నే చూస్తాడు, ముందు మొన మసకబడుతుంది, గుండు పక్కకు పోతుంది. నేర్చినవాడు ముందు మొనను స్పష్టంగా చూస్తూ టార్గెట్‌ను మసకగా వదిలేస్తాడు. ఊపిరి సగం వదిలి ఆపాలి. రైఫిల్ ఎప్పుడు పేలిందో తనకే ముందుగా తెలియనంత మెల్లగా వేలు నొక్కాలి. ఐదు గుళ్లు ఎక్కడ తగిలాయన్న దానికంటే ఐదూ ఒక్కచోట పడ్డాయా అని చూస్తారు ముందు. దాన్ని గ్రూపింగ్ అంటారు. ఒక్కచోట పడితే గురికన్ను సర్దుకోవచ్చు. చెల్లాచెదురుగా పడితే సర్దాల్సింది మనిషిని.

ఇప్పుడు బందరు అసలు కథలోకి వద్దాం. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, మనం బెల్ అని పిలుచుకునేది, నష్టాల్లో ఉన్న ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని తీసుకుని బందరులో తన యూనిట్ పెట్టింది. ఆంధ్రా సైంటిఫిక్ స్వాతంత్ర్యానికి ముందే పుట్టిన కంపెనీ. స్కూళ్లకూ కాలేజీలకూ ప్రయోగశాల పరికరాలు చేసేది. అది పుట్టిన కాలం ఎలాంటిదో చూడండి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. చదువుతో పాటు చేతి పనీ నేర్పాలన్నది దాని పట్టుదల. 1923లో పట్టాభి ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టింది కూడా ఈ ఊళ్లోనే. మన పిల్లలకు కావలసిన భూతద్దం, త్రాసు మనమే చేసుకోవాలన్న స్వదేశీ పంతం ఆ గాలిలోనే ఉండేది. ఆ పంతం నుంచి దేశరక్షణ కర్మాగారం దాకా వచ్చిన దారిని నేను బందరు చరిత్రలో అన్నిటికంటే గొప్ప దారుల్లో ఒకటిగా లెక్కపెడతాను. మన పుస్తకాల్లో దానికి రెండు వాక్యాలైనా దక్కలేదు.

కటకం ఎలా తయారవుతుందో కాస్త దగ్గరగా చూడాలి. గాజు దిమ్మను ముందు వజ్రపు పొడి అతికించిన చక్రం మీద అరగదీసి వంపు తెస్తారు. అప్పటికి అది పాలగాజులా మసకగా ఉంటుంది. తర్వాత సన్న రాపిడి పొడులతో ఒక్కో మెట్టుగా నున్నగా చేస్తారు. చివరి మెరుగు సీరియం ఆక్సైడ్ కలిపిన నీళ్లతో. మెరుగు పెట్టాక పరీక్ష. కచ్చితమైన వంపు ఉన్న నమూనా గాజు ఒకటి ఉంటుంది, దాన్ని టెస్ట్ ప్లేట్ అంటారు. కొత్త కటకాన్ని దాని మీద ఆనించి ఒకే రంగు దీపం కింద పట్టుకుంటే రెండు గాజుల మధ్యనున్న గాలి పొర వల్ల వెలుగు, నలుపు వలయాలు కనిపిస్తాయి. న్యూటన్ వలయాలని ఇంటర్‌లో చదువుకున్నామే, అవే. వలయాలు గుండ్రంగా, సమంగా ఉంటే వంపు సరైనది. ఒకచోట వంకర పోతే అక్కడ గాజు ఎక్కువో తక్కువో అరిగింది. ఒక్క వలయం తేడా అంటే తలవెంట్రుక మందంలో రెండు వందలో వంతు. చేతి వేడికి గాజు కాస్త ఉబ్బినా వలయాలు మారిపోతాయి. అందుకే పట్టుకున్నాక చల్లారే దాకా ఆగి చూస్తారు.

ఆ పైన పూత పని, కటకాల కేంద్రాలు ఒకే గీత మీదికి తెచ్చే పని, గొట్టంలో బిగించే పని. లోపలి గాలి తీసేసి పొడి నత్రజని నింపి మూసేస్తారు. సముద్రపు గాలిలో బతికేవాళ్లకు దీని అవసరం చెప్పనక్కర్లేదు. తేమ లోపలికి పోతే కటకం మీద బూజు అల్లుకుంటుంది. బందరులో పాత కెమెరాలు పాడయ్యేది అలాగే.

రాత్రి దుర్భిణికి గుండెకాయ లాంటిది ప్రతిబింబాన్ని పెంచే గొట్టం. నక్షత్రాల వెలుగు ఎంత కొద్దిదైనా మనుషుల మీద, చెట్ల మీద పడి తిరిగి వస్తుంది. ఆ కొద్ది వెలుగు గొట్టం ముందు పొరను తాకితే ఎలక్ట్రాన్లు పుడతాయి. సన్నని రంధ్రాలు లక్షల్లో ఉన్న పలకలోంచి పోతూ ఆ ఎలక్ట్రాన్లు వేల రెట్లు పెరుగుతాయి. అవతలి తెరను తాకి ఆకుపచ్చ బొమ్మగా వెలుగుతాయి. ఇలాంటి సైట్లు రైఫిళ్లకూ, మెషిన్ గన్నులకూ, రాకెట్ లాంచర్లకూ బందరు యూనిట్ నుంచి వెళ్లాయి. డెహ్రాడూన్‌లో డీఆర్‌డీఓకు ఇదే పని మీద ఐఆర్‌డీఈ అనే ప్రయోగశాల ఉంది. అక్కడి పరిశోధన, ఇక్కడి తయారీ కలిసి నడిచాయి.

దీని విలువ దేశానికి బాగా అర్థమైంది 1999లో. కార్గిల్‌లో తోలోలింగ్, టైగర్ హిల్ వంటి శిఖరాలను మనవాళ్లు రాత్రుళ్లు ఎక్కి పట్టుకున్నారు. పగలు ఎక్కితే పైనున్నవాడికి తేలిగ్గా దొరికిపోతారు. చీకటే వాళ్లకు అండ, చీకటే అడ్డు. ఆ ఎక్కడం గురించి చదివినప్పుడల్లా నాకు బందరు బురదలో మోకాళ్ల దాకా దిగిన సిపాయిలు గుర్తొస్తారు. రెండు వందల నలభై ఏళ్ల తేడాలో కూడా రాత్రి దాడి అదే ధైర్యాన్ని అడిగింది.

ఆకుపచ్చ బొమ్మకు ఒక బలహీనత ఉంది. వెలుగు అసలే లేకపోతే అదీ చూడలేదు. పొగలోనూ మంచులోనూ తడబడుతుంది. సంక్రాంతి ముందు డెల్టా మీద దిగే మంచు సంగతి మనకు తెలుసు, ఎదురుగా వచ్చే బస్సు లైట్లే కనపడవు. అందుకే రెండో దారి, వేడిని చూసే థర్మల్ సైటు. మన ఒంటి వేడి కంటికి కనిపించని కిరణాలుగా బయటికి వస్తూనే ఉంటుంది. ఆ కిరణాలు మామూలు గాజులోంచి పోవు. అందుకని ఆ సైట్లకు జెర్మేనియం కటకాలు వాడతారు. చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది, మన కంటికి అవతల ఏమీ కనిపించదు, వేడికి మాత్రం దారి ఇస్తుంది. వెచ్చని దేహం చల్లని పొదల మధ్య తెల్లగా వెలిగిపోతుంది.

ఈ పని పెరిగి ఊరి గోడలు దాటింది. గుడివాడకు దగ్గర్లో, పామర్రు మండలం నిమ్మలూరులో బెల్ సుమారు 360 కోట్ల రూపాయలతో అధునాతన రాత్రి వీక్షణ పరికరాల కర్మాగారం కట్టింది. 2025 అక్టోబరు 16న కర్నూలు సభ నుంచి ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. వరి పొలాల మధ్య ఇలాంటి కర్మాగారం రావడం ఈ జిల్లాకు చిన్న విషయం కాదు. ఇంజనీరింగ్ చదివి హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కే పిల్లల్లో కొందరైనా ఇక్కడ ఆగే వీలు కలుగుతుంది.

చూడటం దాకా వచ్చాం. ఇక లెక్క కట్టడం. గురికి కంప్యూటర్ ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇన్సాస్ లాంటి రైఫిల్ గుండు సెకనుకు తొమ్మిది వందల మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. మూడు వందల మీటర్లు పోవడానికి దారిలో వేగం తగ్గుతూ దాదాపు 0.4 సెకన్లు పడుతుంది. ఆ కాస్త సమయంలోనే నేల దాన్ని ముప్పావు మీటరు కిందికి లాగేస్తుంది. ఇప్పుడు వంద మీటర్ల దూరంలో సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో అడ్డంగా పోయే చిన్న డ్రోన్ ఊహించండి. గుండు అక్కడికి చేరేలోపు డ్రోన్ మీటరున్నరకు పైగా జరిగిపోతుంది. దాని వెడల్పు జానెడో మూరెడో. కనిపించిన చోట కాలిస్తే గుండు ఖాళీ ఆకాశంలోకి పోతుంది. మంచె మీద నిలబడి వడిసెల తిప్పే రైతు చిలకల గుంపుకు కాస్త ముందుకు రాయి విసురుతాడు. ఆ 'కాస్త ముందు' ఎంతో అతని చెయ్యి చెబుతుంది. ఏళ్ల తరబడి చేస్తే వచ్చే విద్య అది. యుద్ధంలోకి దిగిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికి అన్నేళ్లు ఉండవు.

ఇజ్రాయెల్‌కు చెందిన స్మార్ట్‌షూటర్ కంపెనీ చేసిన స్మాష్ 2000 ప్లస్ అనే సైటు ఈ లెక్కను తాను కడుతుంది. 2020 డిసెంబరులో మన నౌకాదళం వీటికి ఆర్డరు పెట్టింది. ఓడల దగ్గరికి వచ్చే చిన్న డ్రోన్లను కూల్చడం ఉద్దేశం. రైఫిల్ మీద కెమెరా, లోపల చిన్న కంప్యూటర్. సైనికుడు టార్గెట్‌ను ఎంచుకుని మీట నొక్కితే సైటు దాన్ని పట్టుకుని వదలదు, దాని వేగం, దిశ లెక్కిస్తుంది. తర్వాత అతను ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటాడు, కానీ రైఫిల్ వెంటనే పేలదు. గొట్టం సరైన చోటికి వచ్చిన క్షణంలోనే పేలనిస్తుంది. అమెరికా సైన్యం మరో దారి పట్టింది. 2022 జనవరిలో వోర్టెక్స్ కంపెనీకి ఎక్స్‌ఎమ్157 అనే సైటు కాంట్రాక్టు ఇచ్చింది, పదేళ్లలో రెండున్నర లక్షల దాకా కొనే వీలుతో. అందులో లేజరుతో దూరం కొలిచేదీ, గాలి పీడనం, ఉష్ణోగ్రత చూసేదీ, గుండు పడిపోయే లెక్క కట్టేదీ అన్నీ ఉన్నాయి. గురి ఎక్కడ పెట్టాలో చుక్కతో చూపిస్తుంది. ఎప్పుడు పేల్చాలన్నది మాత్రం మనిషి వేలికే వదిలేసింది.

ఈ రెండు దారుల మధ్య తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అమెరికా సైటు ఎన్‌సీసీ హవల్దారు చెప్పిన రెండో సూత్రాన్ని తీసుకుంది. స్మాష్ మూడో సూత్రాన్ని కూడా తీసుకుంది.

అలాగని యంత్రం వస్తే నేర్పు పోతుందని గుండెలు బాదుకునేవాళ్లతో నేను ఏకీభవించను. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖను చూడండి. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. కాంపౌండ్ విల్లుకు కప్పీలుంటాయి, గురిలో భూతద్దం ఉంటుంది, విల్లు వాలిందో లేదో చెప్పే నీటి బుడగ ఉంటుంది. రికర్వ్ విల్లుకు ఇవేవీ లేవు. ఇన్ని ఉన్నాయి కదా అని కాంపౌండ్ తేలికా? యాభై మీటర్ల దూరంలో ఎనిమిది సెంటీమీటర్ల పది పాయింట్ల వలయం. గాలిని చదవడం, గుండె చప్పుడును అదుపులో పెట్టడం, బాణం ఎప్పుడు వదలాలో తేల్చుకోవడం అన్నీ ఆమెవే. ఎలక్ట్రానిక్ సాయం ఏదీ విలువిద్య నియమాలు ఒప్పుకోవు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 2012 లండన్ ఒలింపిక్స్ కంచు పతకం తెచ్చిన హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్‌ది ఇంకా కఠినమైన లెక్క. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, సైటులో భూతద్దం ఉండదు. యుద్ధానికి ఆ నియమాలు లేవు గనక అక్కడ కంప్యూటర్ వస్తుంది. అయినా బ్యాటరీ అయిపోయిన రాత్రి, కటకం మీద బురద పడ్డ రాత్రి మిగిలేది ఆ మూడు సూత్రాలే. వాటిని నేర్పడానికీ ఇప్పుడు కంప్యూటరే వచ్చింది. 1993లో హైదరాబాదులో పుట్టిన జెన్ టెక్నాలజీస్ సిమ్యులేటర్లలో గుండు ఖర్చు లేకుండా పట్టు, ఊపిరి, ట్రిగ్గర్ తప్పులు పట్టుకోవచ్చు.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. దశరథుడు చీకట్లో శబ్దం విని బాణం వేశాడు. గురి అణువంత కూడా తప్పలేదు. నీళ్లు ముంచుకుంటున్న మునికుమారుడికి తగిలింది. ఏనుగు అనుకున్నాడు. ఆయన విద్యలో లోపం లేదు, ఎవరో తెలుసుకోవడంలో ఉంది. థర్మల్ సైటు వెచ్చని ఆకారాన్ని చూపిస్తుంది, ఆ ఆకారం పేరు చెప్పదు. కంప్యూటర్ దాన్ని పట్టుకుని వెంటాడుతుంది, అది శత్రువా కాదా అన్నది దానికి తెలియదు. గురి ఎంత కచ్చితంగా కుదిరితే పొరపాటు అంత కచ్చితంగా తగులుతుంది.

ఇది పురాణంతో ఆగిన సంగతి కాదు. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఆవల ఎన్రికా లెక్సీ అనే ఇటలీ నౌక మీద కాపలా ఉన్న సైనికులు ఒక చేపల బోటును సముద్రపు దొంగలదనుకుని కాల్చారు. ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. అది రాత్రి కూడా కాదు, సాయంత్రం వేళ, వెలుతురులో. గిలకలదిండి రేవు నుంచి, పాలకాయతిప్ప నుంచి, నాగాయలంక నుంచి రోజూ రాత్రి వేటకు పోయే పడవలు ఎన్ని! చిన్న దీపం, ఇద్దరో ముగ్గురో మనుషులు, వల. దూరం నుంచి థర్మల్ తెర మీద వాళ్లు ఎలా కనిపిస్తారు? తెల్లని చుక్కల్లా, అంతే.

2008 ముంబయి దాడి తర్వాత తీరం మీద నిఘా గట్టిపడింది. మన జిల్లాలో గిలకలదిండిలోనూ పాలకాయతిప్పలోనూ మెరైన్ పోలీసు స్టేషన్లు ఉన్నాయి. మత్స్యకారులకు వేలిముద్రల గుర్తింపు కార్డులు, పడవలకు రిజిస్ట్రేషను, రాష్ట్రానికో రంగు వచ్చాయి. ఇవన్నీ పగటి గుర్తులు. రాత్రికి పనికొచ్చేది 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో మొదలైన పథకం. తీర రాష్ట్రాల్లో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు బిగించాలన్నది లక్ష్యం. తుఫాను హెచ్చరిక పడవకు చేరుతుంది, పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గుర్తున్నవాళ్లకు ఆ మొదటి ప్రయోజనం చాలు. నేను రెండోదాని కోసం కూడా దీన్ని గట్టిగా కోరుకుంటాను. రైఫిల్ సైటు మీద పెట్టే ఖర్చులో కొంతైనా అవతలి పడవ తన పేరు తాను చెప్పుకునే ఏర్పాటుకు పోవాలి. చిన్న నాటు పడవలకు కూడా అది చేరాలి, ఎందుకంటే రాత్రి తెర మీద అనుమానంగా కనిపించేవి అవే.

దివిసీమలో ఈ ప్రశ్న ఇంకా పెద్దది కాబోతోంది. నాగాయలంక దగ్గర గుల్లలమోదలో డీఆర్‌డీఓ క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న అమరావతి సభ నుంచి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. దాదాపు 1,460 కోట్ల రూపాయల పని. పరీక్షలు జరిగే రోజుల్లో సముద్రంలో కొంత మేర ఎవరూ ఉండకూడదు. వేట ఆగుతుంది. ఆ నేలను ఎందుకు ఎంచుకున్నారు, మడ అడవులున్న కృష్ణా అభయారణ్యం పక్కన అది ఎలా సర్దుకోవాలి, వేట మానుకున్న రోజులకు అక్కడి కుటుంబాలకు ఏం దక్కాలి అన్నవి వచ్చే భాగంలో.